అమెరికా చదువు - అమ్మ సంతకం



పిల్లవాడు ఇంజనీరింగు మూడో సంవత్సరంలోకి వచ్చాడో లేదో, పేరంటంలో తాంబూలం చేతిలో పెడుతూనే అడుగుతారు, "మీ వాడు ఎమ్మెస్‌కి ఎప్పుడు వెళ్తున్నాడండీ?" అని. వెళ్తాడా అని కాదు, ఎప్పుడు అని! ఆ తర్వాత జరగవలసినవన్నీ పిల్లవాడి గదిలో కంప్యూటరు ముందు కొంతా, వాళ్ల నాన్నగారి ఆఫీసు సెలవుల్లో కొంతా జరిగిపోతాయి. మనం మాత్రం చిట్టచివర కందిపొడి పొట్లాల దగ్గర, సూట్‌కేసు తూకం దగ్గర రంగప్రవేశం చేస్తాం.

అయితే మధ్యలో ఒకరోజు మనల్నీ పిలుస్తారు. బ్యాంకికి రమ్మంటారు. యిల్లు మన పేర వున్నా, అప్పులో మన పేరు కలిపినా మన సంతకం కావాలి. గుమాస్తాగారు "ఇక్కడమ్మా, ఇక్కడ, మళ్లీ ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు. మనం పెట్టేసి వస్తాం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ సంతకం గురించే. అది పెట్టే మనిషి మొదటి అప్లికేషను నాటి నుంచీ విషయం తెలుసుకుంటూ వుండాలి. దానికి ఇంగ్లీషు ధారాళంగా రానక్కరలేదు. నేనూ పదో తరగతితో చదువు ఆగినదాన్నే. మా అమ్మాయి అప్లికేషన్లు పెట్టిన ఏడాది, పాలవాడి లెక్క రాసుకునే పుస్తకం పక్కన యింకో నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఈ కబుర్లు చాలావరకు అందులోవే.

ముందు కాలం లెక్క చూద్దాం. అమెరికాలో ముఖ్యమైన చదువుల సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతుంది. దానికి అప్లికేషన్ల గడువు అంతకు ముందటి డిసెంబరు, జనవరి నెలల్లోనే చాలాచోట్ల ముగుస్తుంది. కొన్ని యూనివర్సిటీలు యింకా కొన్నాళ్లు తీసుకుంటాయి. అంచేత పరీక్షలు దసరా నాటికి అయిపోవాలి, వాటికి చదవడం వేసవిలో మొదలవాలి. అంటే ప్రయాణానికి ఏడాదిన్నర ముందు అన్నమాట. పాసుపోర్టు అన్నిటికంటె ముందు. పాసుపోర్టులో పేరు, పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు, డిగ్రీ కాగితాల్లో పేరు ఒకటేనా అని చూడండి. మనకి యింటిపేరు ముందు, వాళ్లకి వెనక. ఒక అక్షరం తేడా వుంటే, దాన్ని సరిచేయించడానికే నెలలు పట్టవచ్చు.

పరీక్షలు రెండు రకాలు. జి.ఆర్.ఇ. అని ఒకటి, లెక్కలూ ఇంగ్లీషూ కలిపి. 2023 సెప్టెంబరు నుంచి దీన్ని రెండు గంటల లోపుకి కుదించారు. మార్కులు అయిదేళ్లు చెల్లుతాయి. చాలా యూనివర్సిటీలు యిప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి కాదంటున్నాయి, కాబట్టి కట్టేముందు ఎవరు అడుగుతున్నారో చూసుకోవాలి. రెండోది ఇంగ్లీషు వచ్చునని చూపే పరీక్ష, టోఫెల్ గాని, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. గాని. వీటి మార్కులు రెండేళ్లే చెల్లుతాయి. తొందరపడి మరీ ముందే రాస్తే గడువు దాటిపోతుంది.

యిక ఏ యూనివర్సిటీ? స్నేహితులు నలుగురూ ఎక్కడికి పెడితే అక్కడికే పెట్టడం మన పిల్లల అలవాటు. అప్లికేషను ఒక్కొక్కదానికీ యాభై నుంచి వంద డాలర్లు, కొన్నిచోట్ల యింకా ఎక్కువే అవుతుంది. సీటు రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. పదిహేను చోట్లకి పెట్టే బదులు, ఆలోచించి ఆరేడు చోట్లకి పెట్టడం మంచిది. కొన్ని కష్టమైనవి, కొన్ని అందేవి, ఒకటి రెండు తప్పక వచ్చేవి.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుచెయ్యాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనేదాన్ని అక్కడి ప్రభుత్వం మూసేసింది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, వాళ్లలోనూ మన తెలుగు పిల్లలు చాలామంది. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. ఆ ఫొటోలు పేపర్లలో చూసిన తల్లులకి అన్నం సయించలేదు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. దాన్ని నడిపింది అక్కడి ప్రభుత్వ అధికారులే, వల పన్నడానికి. అక్కడ మేష్టర్లు లేరు, పాఠాలు లేవు. పట్టుబడిన నూట ముప్ఫై మంది విద్యార్థుల్లో నూట ఇరవై తొమ్మిది మంది మన దేశం వాళ్లే.

ఈ రెండూ ఒకప్పుడు ప్రభుత్వం వారి అనుమతి జాబితాలో వున్నవే. అంచేత జాబితాలో పేరుందా లేదా అని చూసి వూరుకుంటే చాలదు. "అక్కడ వారానికి ఎన్ని క్లాసులు? పాఠం చెప్పేదెవరు? క్లాసుకి వెళ్లకుండానే వుద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా అన్నారా?" అని అడగండి. ఈ ప్రశ్నలు అడగడానికి మనకి ఏ డిగ్రీ కావాలి చెప్పండి? పిల్లల్ని బడిలో వేసినప్పుడు అడిగినవే కదా!

తర్వాత కాగితాలు. మార్కుల జాబితాలు, సాధారణంగా ముగ్గురు మేష్టర్లు యిచ్చే సిఫార్సు వుత్తరాలు, ఆపైన ఎస్.ఓ.పి. ఎస్.ఓ.పి. అంటే, నేను ఏం చదివాను, యిప్పుడు ఏం చదవాలనుకుంటున్నాను, అది మీ దగ్గరే ఎందుకు అని విద్యార్థి తన మాటల్లో రాసుకునే వుత్తరం. దీన్ని డబ్బుకి రాసిచ్చే కన్సల్టెన్సీలు వీధికొకటి వున్నాయి. మాకు తెలిసిన ఒకావిడ కొడుకు అలాగే రాయించుకున్నాడు. "నాకు చిన్నప్పటినుంచీ యంత్రాలంటే ప్రాణం" అని అందులో వుంది. ఆవిడ నవ్వి, "మిక్సీ ఫ్యూజు పోతే వేయడం రాదురా నీకు" అంది. ఆ వుత్తరం చింపేసి అతను తన చేత్తో రాశాడు. కాలేజీలో తను చేసిన ప్రాజెక్టు గురించి, అది మొదట ఎందుకు పనిచెయ్యలేదో, తర్వాత ఎలా చేసిందో రాశాడు. చదివేవాళ్లకి కావలసింది అదే.

మీరూ మీ పిల్లల్ని కూర్చోబెట్టి, ఆ వుత్తరంలో వున్నది తెలుగులో చెప్పమనండి. చెప్పలేకపోతే అది వాళ్లది కాదన్నమాట. సిఫార్సు వుత్తరాలకీ అంతే. ఆఖరి వారంలో పరుగెడితే మేష్టరుగారు మాత్రం ఏం రాస్తారు? రెండు నెలల ముందే వెళ్లి, మర్యాదగా అడగాలి.

కన్సల్టెన్సీలన్నీ చెడ్డవని నేను అనను. కాని కొన్నిటికి యూనివర్సిటీల నుంచి కమీషను వస్తుంది. ఆ మాట మనసులో వుంచుకుని వాళ్ల సలహా వినాలి. హైదరాబాదులో అమెరికా ప్రభుత్వం వారి ఎడ్యుకేషన్ యు.ఎస్.ఎ. సలహా కేంద్రాలున్నాయి. వాళ్లు ఏ ఒక్క యూనివర్సిటీనీ అమ్మజూపరు.

యిప్పుడు డబ్బు సంగతి. సీటు వచ్చాక, ఫీజుకీ తిండికీ మా దగ్గర డబ్బుందని కాగితాలు పంపితే, యూనివర్సిటీ ఐ-20 అనే కాగితం యిస్తుంది. ఆ కాగితం మీరు చేత్తో పట్టుకుని చూడండి. ఫీజెంత, వుండడానికీ తినడానికీ ఎంత, అన్నీ అంకెల్లోనే వుంటాయి. అంకెలు చదవడం మనకి వచ్చు. అయితే ఒక్క మాట. అందులో వేసేది మామూలుగా ఒక ఏడాది ఖర్చే. చదువు రెండేళ్లు.

ఉదాహరణకి ఏడాదికి ముప్ఫైవేల డాలర్లు అని వుందనుకోండి. లెక్క సులువుకి డాలరు తొంభై రూపాయలనుకుంటే అది ఇరవై ఏడు లక్షలు. రెండేళ్లకి యాభై నాలుగు లక్షలు. అందులో నలభై లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. నూటికి పదకొండు వడ్డీ అయితే, మొత్తం తీసుకున్నాక ఏడాదికి నాలుగు లక్షల నలభై వేలు వడ్డీయే అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి యాభై అయిదు వేల పైచిలుకు కట్టాలి. చదివే కాలమూ, ఆ తర్వాత కొంతకాలమూ వాయిదా కట్టనక్కరలేదని బ్యాంకివాళ్లు అంటారు. నిజమే, కాని ఆ రోజుల్లోనూ వడ్డీ నడుస్తూనే వుంటుంది.

ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకి ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. తాకట్టు లేకుండా యిచ్చే కంపెనీలూ వున్నాయి, వడ్డీ ఎక్కువ. చాలాచోట్ల తల్లో తండ్రో అప్పులో భాగస్థులుగా సంతకం పెట్టాలి. దానర్థం, పిల్లవాడు కట్టలేకపోతే మనం కట్టాలి అని. "వాడికి వుద్యోగం వచ్చేస్తుందిలే, నీకెందుకు" అని మీవారు అనవచ్చు. నిదానంగా చెప్పండి. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లు చదువు రోజుల్లో కాలేజీ ఆవరణలో వారానికి యిరవై గంటలే పనిచెయ్యవచ్చు. అది చేతిఖర్చుకి సరిపోతుంది గాని ఫీజుకి కాదు. చదువయ్యాక ఓ.పి.టి. కింద పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు చదివినవాళ్లకి మరో ఇరవై నాలుగు నెలలు పనికి అనుమతి వుంది. అది అనుమతే గాని వుద్యోగం కాదు. వుద్యోగం వెతుక్కోవాలి.

అందరూ యింత అప్పు చెయ్యాలనీ లేదు. పిహెచ్.డి.కి సీటు వస్తే అనేక చోట్ల ఫీజు లేకుండా, నెలకింత భత్యం కూడా యిస్తారు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ఫీజు లేనే లేదు. అయితే ఏడాది ఖర్చుకి పదకొండు వేల తొమ్మిదివందల నాలుగు యూరోలు అక్కడి ఖాతాలో ముందే వెయ్యాలి. వెనకబడిన వర్గాలవారికి, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మైనారిటీలకి తెలంగాణలో ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలున్నాయి. అర్హత వుంటే తప్పక విచారించండి.

మనవాళ్లు సముద్రం దాటి చదువుకోవడం కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో బోస్టన్ వెళ్లి హార్వర్డులో చేరారు. మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేశారు. అయినా చాలక, రాత్రిపూట ఆస్పత్రిలో చిన్నపని చేసి బతికారు. ఆయన వైద్యశాస్త్రానికి చేసిన మేలు లోకమంతా ఎరిగినదే. కాని ఆయన మళ్లీ మన దేశం రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. భార్య శేషగిరిగారు యిక్కడే వుండిపోయారు. చదువు ఖర్చు ఫీజుతో అయిపోదని ఆవిడ జీవితం చెబుతుంది. మనం పంపేటప్పుడు యింట్లో మాట్లాడుకోవలసినవాటిలో అదీ ఒకటి.

చివరికి వీసా. సెవిస్ రుసుము 350 డాలర్లు 2019 నుంచి, వీసా రుసుము 185 డాలర్లు 2023 నుంచి వున్నాయి. రూల్సు తరచు మారుతున్నాయి గనుక కట్టే రోజున మళ్లీ చూసుకోవాలి. 2025 జూన్ నుంచి పిల్లల సోషల్ మీడియా ఖాతాలు కూడా అధికారులు చూసేలా తెరిచి పెట్టమంటున్నారు. నానక్‌రామ్‌గూడలో కాన్సులేటు ముందు యింటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోవచ్చు. ఆ రెండు నిమిషాల కోసం చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణాలు చెయ్యండి, నేనూ చేశాను. కాని బ్యాంకి ఖాతాలో లేని డబ్బు వున్నట్టు చూపిస్తామని ఎవరైనా అంటే మాత్రం గుమ్మం దిగి వచ్చేయండి. వీసా రాకపోతే మళ్లీ డబ్బు కట్టి మళ్లీ అడగవచ్చు. దొంగ కాగితం పెట్టినట్టు తేలితే జన్మలో ఆ దేశం గడప తొక్కనివ్వకపోవచ్చు. బిడ్డ భవిష్యత్తు కోసమని చేసిన పనే బిడ్డకి అడ్డమవుతుంది.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. అబ్బాయి చదువంటే పొలం అమ్మేవాళ్లు, అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి "పెళ్లికి దాచిన డబ్బు" అని ఆగిపోతారు. ఆ అమ్మాయి మార్కులూ ఆ యూనివర్సిటీ పేరూ అప్పు లెక్కా ముందు పెట్టుకుని చూడండి. అబ్బాయికి ఏ లెక్క చూశామో అమ్మాయికీ అదే లెక్క చూద్దాం. లెక్క కుదిరితే పంపుదాం, కుదరకపోతే ఎవరికైనా ఒకటే జవాబు.

పిల్లలు వెళ్లకూడదని నేను చెప్పడం లేదు. తెలిసి పంపుదాం అంటున్నాను. బ్యాంకిలో కలం చేతికిచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మొత్తం రెండేళ్ల ఖర్చెంత? వాయిదా ఎప్పటినుంచి, నెలకెంత? ఏడాది పాటు వుద్యోగం రాకపోతే ఎవరు, ఎందులోంచి కడతారు? జవాబులు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. గుమాస్తాగారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఆయన రేపు మరో బ్రాంచికి బదిలీ అయిపోతారు. యింట్లో వుండేది మనం. ఆ తర్వాత సంతకం పెట్టండి. అప్పుడు పొడులు దంచుకుందాం, సూట్‌కేసు తూచుకుందాం.