తప్పు జవాబుకూ ఒక పాఠకుడు కావాలి

(ఎమ్మిగనూరు విద్యా సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసం)



రచయితలూ పంతుళ్లూ కలిసి కూర్చున్న సభలో పరీక్షల మీద మాట్లాడతానంటే నిర్వాహకులు కాదనలేదు గానీ, ‘మార్కుల గొడవ ఇక్కడెందుకు సార్’ అన్నట్టు ఒక చూపు చూశారు. ఆ గొడవ సాహిత్యానికి కొత్తదేం కాదు. గిడుగు రామమూర్తి, గురజాడ ఒకవైపు, జయంతి రామయ్య పంతులు ఒకవైపు నిలబడిన వ్యావహారిక భాషా వివాదం ముదిరింది పరీక్ష పేపరు దగ్గరే. స్కూల్ ఫైనల్, ఇంటర్మీడియట్ కుర్రాడు వ్యాసం ఏ తెలుగులో రాయాలి, ఏది రాస్తే మార్కులు వేయాలి అన్నదే అప్పటి తగాదా. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఆ తగాదాలోంచి పుట్టిందే. పరీక్షలో ఏది ఒప్పు అని పైన తేలిస్తే కింద బడిలో పాఠం అటే తిరుగుతుందని రెండు పక్షాలకూ తెలుసు. అందుకే అంత పట్టుదల.

పరీక్షను బట్టి పాఠం మారడం మనకు నూరేళ్లుగా అలవాటే. పిల్లవాడు రాసిన జవాబును బట్టి పాఠం మారడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

చట్టంలో లోటు లేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయమంది. మన రాష్ట్రంలో దానికోసం ఎఫ్‌ఏలు (నిర్మాణాత్మక మూల్యాంకనాలు), ఎస్‌ఏలు (సంగ్రహణాత్మక మూల్యాంకనాలు) వచ్చాయి. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని ఎఫ్‌ఏకు నాలుగు సాధనాలు పెట్టారు. కాగితం మీద చూస్తే ఏ దేశానికీ తీసిపోని ఏర్పాటు. ఆచరణలో ఏమైందో ఈ హాలులో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా? ప్రాజెక్టులు నెట్‌సెంటరులో పుట్టాయి. భాగస్వామ్యం మార్కులు రిజిస్టరు నింపే రోజున గుర్తొచ్చాయి. పదో తరగతిలో ఇరవై మార్కుల ఇంటర్నల్స్ ఎవరి బడిలో ఎలా పండాయో చూసి, 2019లో వాటిని తీసేశారు. తీసేయడం సబబే అనుకుంటాను. పిల్లవాణ్ణి తెలుసుకోవడానికి పెట్టిన కొలతను వాడి తుది ఫలితంలో కలిపితే, ఆ కొలత నిజం చెప్పడం మానేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 52 లోంచి 38 తీసేయమంటే నాలుగో తరగతి పిల్ల 26 అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి, సున్నా వేసి, పక్క లెక్కకు పోతాం. ఆ 26 ఎక్కణ్ణుంచి వచ్చింది? అయిదులోంచి మూడు తీస్తే రెండు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి, ఎనిమిదిలోంచి రెండు తీసింది, ఆరు. పిల్లకు తీసివేత తెలుసు. పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలన్న సూత్రం ఒకటి సొంతంగా కట్టుకుంది, దానికి కట్టుబడి చేసింది. పదుల్లోంచి ఒకటి విడదీసి ఒకట్లలోకి తెచ్చుకోవచ్చని ఆమెకు ఎవరూ పుల్లలతో చూపించలేదు, అంతే. పక్క పిల్లవాడు అదే లెక్కకు 90 రాశాడనుకోండి. వాడు గుర్తు చూడకుండా కూడేశాడు. ఇద్దరికీ వచ్చింది సున్నాయే. రేపు ఉదయం ఇద్దరికీ చెప్పవలసిన పాఠం మాత్రం ఒకటి కాదు. సున్నా చూసిన పంతులుకు ఆ తేడా కనబడదు, జవాబు చదివినవాడికే కనబడుతుంది.

2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఓఎంఆర్ పత్రాలతో తరగతి గది ఆధారిత మూల్యాంకనం తెచ్చారు. చిన్నపిల్లలతో గుండ్రాలు నింపించడమేమిటని అప్పుడు చాలామంది విసుక్కున్నారు. నాకు ఓఎంఆర్ మీద పగ లేదు. నాలుగు జవాబుల్లో సరైన 14తో పాటు 26, 90 కూడా పెట్టినవాడికి పని తెలుసు, ఏ గుండ్రం నింపారన్నదే రోగం పేరు చెబుతుంది. తప్పు జవాబులుగా నోటికొచ్చిన అంకెలు పెడితే మాత్రం మిషను ఎంత వేగంగా దిద్దినా మనకు దక్కేది ఏమీ ఉండదు. ఈ మధ్య అన్ని పరీక్షలూ ఒకే పుస్తకంలో రాయించే పద్ధతి వచ్చింది. అది నాకు నచ్చింది. ఆగస్టులో చేసిన తప్పు పిల్ల జనవరిలో కూడా చేసిందా లేదా అని రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. తిప్పాలి, అదొక్కటే షరతు.

నివేదికలు పెరిగితే చదువు బాగుపడుతుందని నమ్మేవాళ్ల కోసం మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశోధన సంగతి చెబుతాను. 2005–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో కలిసి ఒక పెద్ద ప్రయోగం నడిపారు. కర్నూలు జిల్లా అందులో లేదు, అప్పటి మన పొరుగు కడప ఉంది. అందులో ఒక భాగం ఇది. చీటీ తీసినట్టు ఎంపిక చేసిన వంద బడుల్లో ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, ఏ పిల్ల ఏ ప్రశ్న దగ్గర ఆగిందో వివరంగా రాసి టీచర్ల చేతికిచ్చారు. ఆ నివేదికను ఎలా వాడుకోవాలో కూడా రాసిచ్చారు. ఏడాది పొడవునా మనుషులు వచ్చి తరగతులు చూసి వెళ్లారు. ఏమీ ఇవ్వని ఇంకో వంద బడులతో ఏడాది చివర పోల్చారు. పిల్లల చదువులో తేడా లేదు. చూడ్డానికి మనిషి వచ్చిన రోజు మాత్రం టీచర్లు ఎక్కువ కష్టపడుతున్నట్టు కనబడ్డారట! ఈ మాటకు మీరు నవ్వుతున్నారంటే మన తనిఖీల సంగతి మీకు బాగా తెలుసన్నమాట.

కథ అక్కడితో ఆగలేదు. అదే ప్రయోగంలో వేరే బడుల టీచర్లకు ఇలాంటి నివేదికలతో పాటు, పిల్లల ప్రగతిని బట్టి బోనసు ఇస్తామన్నారు. అక్కడ నివేదికలు బాగా పనికొచ్చాయని చెప్పిన టీచర్ల పిల్లలు ముందుకు వెళ్లారు. దీన్ని పట్టుకుని ‘డబ్బు ఇస్తే తప్ప పంతుళ్లు పని చేయరు’ అనేవాళ్లున్నారు. నేను అలా చదవను. నివేదికలో పస ఉంది, దాన్ని వాడుకునే కారణమూ తీరికా టీచరుకు ఉండాలి. డబ్బు ఒక కారణం కావచ్చు, ఒకే కారణం కానక్కర్లేదు. పైగా ఆ దారిలో మన ప్రాంతం ఒకసారి నడిచి వచ్చింది. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, అంతా మద్రాసు ఏలుబడి. పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఆ ప్రెసిడెన్సీ బడులకు ఇన్‌స్పెక్టరు ముందు ఎంతమంది పిల్లలు గట్టెక్కితే అంత గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇంగ్లండులో మొదలై ఇక్కడికి వచ్చిన పద్ధతి అది. రెండు చోట్లా బట్టీయం పెరిగిందన్న నింద మోసి, చివరికి రెండు చోట్లా అటకెక్కింది.

మార్కు మీద ఇంకో మాట. రూత్ బట్లర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఏం బాగుంది, ఏం సరిచేసుకోవాలి అని రెండు మాటలు రాసిచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. రాత మాటలు మాత్రమే అందినవాళ్లు బాగుపడ్డారు. రెండూ అందినవాళ్లు మార్కు చూసుకుని మాటలు వదిలేశారు! పదేళ్ల తర్వాత పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ అనే విద్యా పరిశోధకులు దాదాపు 250 అధ్యయనాలు తిరగేసి, తరగతి గదిలో జరిగే మూల్యాంకనం పాఠాన్ని మార్చినప్పుడే పిల్లలకు లాభమని తేల్చారు. మనం ఇంత చదువుకున్నా పేరెంట్స్ మీటింగులో ‘మీవాడికి ఇరవైకి తొమ్మిదండీ’ అనే దగ్గరే ఆగిపోతున్నాం. కోసిగి నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి ఆ తొమ్మిదిని ఏం చేసుకుంటుంది? ‘వాడు చదవగలడమ్మా, ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు, రోజూ ఇంత పేజీ పైకి చదివించు’ అంటే చేసుకోడానికి పని ఉంటుంది. ఆమెకు అక్షరం రాకపోయినా కొడుకు తడబడిన చోటు వినబడుతుంది.

ఇక మన నేల సంగతి. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం 86.69 శాతం, కర్నూలు జిల్లా 62.47 శాతం. అన్ని జిల్లాల్లో అడుగున మనమే. ఆ వారం పత్రికల్లో మన పంతుళ్లు పడ్డ మాటలు గుర్తున్నాయి. ఆ శాతం అబద్ధమని నేను అనను. అందులో చెప్పనిది చాలా ఉంది అంటాను.

అందులో మొదటిది సుగ్గి. మన జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు పోతాయి, కట్టుబడి పనులకు బెంగళూరు, హైదరాబాదు పోతాయి. తాళం వేసిన ఇళ్ల వీధుల్లో మీరంతా తిరిగినవాళ్లే. సీజనల్ హాస్టళ్లు కొందరిని ఆపుతున్నాయి, అందరినీ కాదు. పిల్ల శీతాకాలంలో పోయి ఎండల్లో తిరిగొస్తే ఆమె ఎస్‌ఏ–1 గడిలో ‘ఆ’ అని ఉంటుంది. ఆబ్సెంట్ అని. సగటు తీసేటప్పుడు ఆమె లెక్కలోకే రాదు. అంటే మన మూల్యాంకనం ఎవరి గురించి ఎక్కువ తెలుసుకోవాలో వాళ్ల గురించే ఏమీ చెప్పదు. పరీక్షల క్యాలెండరు రాష్ట్రమంతటికీ ఒకటే, సుగ్గి క్యాలెండరు వేరే. పోయే ముందు పది నిమిషాలు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చదవడం ఎక్కడిదాకా వచ్చింది, లెక్క ఎక్కడిదాకా వచ్చింది అని ఒక చీటీ రాసిస్తే, పల్నాటి పొలం గట్టు పక్క బడిలో చేర్చుకునే పంతులుకు అది పనికొస్తుంది. తిరిగొచ్చాక మళ్లీ పది నిమిషాలు. 2005 నుంచి ప్రథమ్ సంస్థ నడిపే అసర్ సర్వే పరికరం అలాంటిదే: అక్షరాలు, పదాలు, ఒక పేరా, ఒక చిన్న కథ, ఒక్కొక్క పిల్లను కూర్చోబెట్టి చదివించడం. దానికి ఓఎంఆరూ అక్కర్లేదు, యాపూ అక్కర్లేదు.

రెండోది భాష. కౌతాళం, హొళగుంద వైపు ఇంట్లో కన్నడం, ఆదోని పేటలో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో పక్క పేజీన ఇంగ్లీషు. ‘ఒక రైతు క్వింటాలుకు ఇంత చొప్పున’ అని మొదలయ్యే లెక్క తప్పినప్పుడు తప్పింది లెక్కా, చదవడమా? నోటితో అదే లెక్క అడిగి చూడండి. ఆదోని మార్కెట్ దగ్గర నాన్నతో పాటు కూరగాయలమ్మే పిల్లవాడు చిల్లర తప్పు ఇవ్వడు. కోల్‌కతా, ఢిల్లీ బజారు పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బజారులో గబగబా లెక్క కట్టే పిల్లలు బడి లెక్క దగ్గర ఆగిపోయారు. బడి లెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. కాగితం పరీక్ష ఒక్కటే పెడితే మనకు కనబడేది సగం పిల్లవాడే.

చేనేత సహకార సంఘం పెట్టిన మాచాని సోమప్ప గారి ఊళ్లో మాట్లాడేవాడు మగ్గం పోలిక తేకుండా దిగడు కదా, నేనూ తెస్తాను: పోగు తెగితే నేతగాడు మగ్గం మీదే ముడి వేస్తాడు, చీర మడత పెట్టాక వెతకడు. మన రాయలసీమలోనే రిషివ్యాలీ పల్లె బడులు ఈ పని చేసి చూపించాయి. పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన నిచ్చెన పద్ధతిలో ప్రతి మెట్టు దగ్గరా పిల్ల నేర్చుకున్నదా లేదా చూసే కార్డు పాఠంలోనే ఉంటుంది. రాకపోతే అదనపు కార్డులు, వస్తే పై మెట్టు. పరీక్ష రోజంటూ వేరే లేదు. కర్ణాటక నలికలి, తమిళనాడు కార్డు పద్ధతీ అక్కణ్ణుంచే ప్రేరణ పొందాయి. పుట్టింటి బడుల్లోకి మాత్రం అంత గట్టిగా రాలేదు. ఎందుకో విద్యాశాఖ చరిత్ర రాసేవాళ్లు చెప్పాలి.

తీర్మానాల కమిటీ ముందు నేను పెడుతున్నవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఎఫ్‌ఏ తర్వాత సిలబస్ ముందుకు నడపకుండా నాలుగు రోజులు, ఆ జవాబుల్లో బయటపడినదాన్ని మళ్లీ చెప్పడానికి ఇవ్వాలి. మార్కులు యాప్‌లో ఎక్కించడానికి గడువు పెట్టే అధికారులు, పిల్లలకు తిరిగి చెప్పడానికీ ఒక గడువు పెట్టాలి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదవడం ఒక పూటకు కుదించి, రెండో పూట జవాబు పత్రాలు చదవాలి. సుగ్గికి పోయే పిల్లలకు చీటీ ఇవ్వడం ఈ దసరా నుంచే, ఎవరి ఉత్తర్వూ లేకుండా మొదలుపెట్టవచ్చు. రచయిత మిత్రులకు కూడా పని ఉంది. పిల్లల తెలుగు వ్యాసాల్లో ‘యాడికి’, ‘ఎట్ల’ అని కనబడితే ఎర్ర గీత పెట్టాలా, దాని పక్కన ‘ఎక్కడికి’, ‘ఎలా’ అని రాసి రెండూ మన మాటలేనని చెప్పాలా అన్నది మీరూ తెలుగు పంతుళ్లూ కూర్చుని తేల్చాలి. 1914 నాటి తగాదా మన దగ్గర ఇంకా పూర్తిగా తెగలేదు.

మధ్యాహ్నం గోష్ఠికి జవాబు పత్రాలు తెమ్మని ముందే కోరాం. తెచ్చినవాళ్లు పిల్లల పేర్లూ బడి పేరూ కనబడకుండా మడిచి ఈ బల్ల మీద పెట్టండి. నాలుగో తరగతి తీసివేతలతో మొదలుపెడదాం.