సెప్టెంబర్ టీవీ సీజన్: బిగ్ బాస్, సీరియళ్లు, మా జేజి రిమోట్, ఇంకా మన మార్కాపురం మాట

మార్కాపురం నుంచి మీవాడు మళ్లీ వచ్చేశాడు. వెనకాల గ్రైండర్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దు, అమ్మ దోసెల పిండి రుబ్బుతోంది. ఇప్పుడు ఆపమంటే రేపు పొద్దున నాకు టిఫిన్ ఉండదు. కాబట్టి సర్దుకోండి.

ఈరోజు టాపిక్ చాలా తేలిక. ఇంకో వారంలో దసరా. టీవీలో కొత్త సీజన్ మొదలైపోయింది. ఒక ఫ్యాన్‌గా నాకేమనిపించిందో చెప్తాను. నేను రివ్యూలు రాసేవాణ్ణి కాదు, టీఆర్పీలు లెక్కపెట్టేవాణ్ణీ కాదు. మా హాల్లో టీవీకి ఎదురుగా, చాప మీద కూర్చుని చూసేవాణ్ణి. అంతే. చివర్లో మాత్రం ఒక సంగతి ఒప్పుకోవాలి. జూలైలో నేను చేసిన ఒక పని. అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ముందు ఒక ప్రశ్న. ఈ హడావుడంతా సెప్టెంబర్‌లోనే ఎందుకు? అమెరికాలో అయితే ఇది పాత అలవాటు. ఎండాకాలంలో జనం ఊళ్లు తిరుగుతారు, టీవీ తక్కువ చూస్తారు. సెప్టెంబర్‌కి ఇంటికి చేరతారు. కార్ల కంపెనీలు కూడా కొత్త మోడళ్లు అప్పుడే దించేవి, యాడ్స్ డబ్బులు అప్పుడే వచ్చేవి. అందుకని ఛానళ్లు కొత్త షోలన్నీ అప్పుడే వదిలేవి. మనకి ఆ లెక్క లేదు. మన బిగ్ బాస్ 2017లో జూలైలో మొదలైంది, జూనియర్ ఎన్టీఆర్ హోస్ట్. 2018లో నానితో జూన్‌లో వచ్చింది. 2019లో నాగార్జున వచ్చాడు, అదీ జూలైలోనే. కరోనా ఏడాది 2020లో సెప్టెంబర్‌కి జరిగింది. ఇక అక్కడే కూర్చుంది. క్యాలెండర్ తీసి చూడండి, 2020 నుంచి 2025 దాకా ప్రతిసారీ సెప్టెంబర్ మొదటి ఆదివారమే. 2025లో 7వ తేదీ. మా ఇంట్లో వినాయక చవితి తేదీ మర్చిపోతారేమో గానీ ఇది మర్చిపోరు.

సరే, మా ఇంటి పరిస్థితి చెప్తా. టీవీ ఒక్కటే, మనుషులం నలుగురం. నాన్న పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఏడు దాటుద్ది. ఆయనకి క్రికెట్. అమ్మకి బిగ్ బాస్. మా నాయనమ్మకి, మేం జేజి అంటాం, సీరియళ్లు. నాకు మిగిలేది ఫోన్. మొన్న 14వ తేదీ ఆదివారం చూడాలి మా ఇంట్లో యుద్ధం. దుబాయ్‌లో ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్. అదే టైమ్‌కి బిగ్ బాస్‌లో మొదటి ఎలిమినేషన్. నాన్న రిమోట్ లుంగీ మడతలో దాచాడు. అమ్మ ఒక్క మాట అనలేదు, వంటింట్లోకి పోయి గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా పెట్టింది. అంతే, ఓవర్ ఓవర్‌కీ మధ్యలో ఛానల్ మారింది. మనోళ్లు ఏడు వికెట్ల తేడాతో గెలిచారు, హౌస్ నుంచి శ్రష్టి వర్మ వెళ్లిపోయింది. రెండూ సగం సగం చూశాం. జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది గదా, పెద్ద టీవీ కొందామని నాన్న అంటున్నాడు. నాన్నా, మన సమస్య ఇంచులు కాదు. రిమోట్ ఒక్కటే ఉండటం.

ఇప్పుడు బిగ్ బాస్ 9 మీద నా అభిప్రాయాలు.

ఒకటి. ఈసారి కామనర్లను మెయిన్ హౌస్‌లో ఓనర్లుగా పెట్టి, సెలబ్రిటీలను టెనెంట్లు చేశారు. ఐడియా సూపర్. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది బాగా తగులుద్ది. మోటార్ ఎప్పుడు వెయ్యాలి, గేటు ఎప్పుడు మూయాలి అని ఓనర్ చెప్పే ఆ గొంతు ఉంటది చూడండి, కొందరు కామనర్లకు మొదటిరోజే వచ్చేసింది. మనిషికి ఓనర్ అని పేరు పెడితే చాలు, తాళంచెవి అక్కర్లేదు అనిపించింది.

రెండు. సుమన్ శెట్టి. నేను పుట్టకముందు వచ్చిన 'జయం' సినిమాలో ఆయన్ని చూసి మా నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. హౌస్‌లో ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా నాన్న నవ్వుతున్నాడు. క్రికెట్ మానిపించగల ఒకే ఒక్క మనిషి.

మూడు. టాస్కులు. బంతులు ఏరడం, బ్యాలెన్స్ చెయ్యడం, అరుచుకోవడం. బ్రో, మా వైపు రండి. ఎండాకాలంలో ట్యాంకర్ వచ్చినప్పుడు పది బిందెలు, ఒక పైపు, ముప్ఫై మంది. రెండు నిమిషాల్లో కెప్టెన్ ఎవరో తేలిపోతది. మా జేజి అందులో పదేళ్లుగా నాటౌట్.

సీరియళ్లు సాగదీస్తారని అందరూ తిడతారు గదా, నేను తిట్టను. మన మార్కాపురం వైపు వాళ్లకి ఓపిక ఎక్కువ. ఎందుకంటే అన్నింటికంటే పొడవైన సీరియల్ మనదే: వెలిగొండ ప్రాజెక్టు. శంకుస్థాపన 1996లో. నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైన. హీరోలు మారారు, డైలాగులు మారాయి, నీళ్లు వచ్చే ఎపిసోడ్ మాత్రం 2025 సెప్టెంబర్ నాటికీ రాలేదు. 'కార్తీక దీపం' అయినా మొదటి భాగం అయిదేళ్ల పైచిలుకులో ముగించారు. నాన్నకి ఈ జోక్ చెప్తే నవ్వలేదు. బోరు ఎండిపోయాకే ఆయన పొలం వదిలేసి ఫ్యాక్టరీకి పోయింది. సరే, ముందుకు పోదాం.

మా జేజి సీరియళ్లు చూసే పద్ధతి వేరు. చాటలో కందులు ఏరుకుంటూ, తల ఎత్తకుండా వింటది. ఎవరైనా ఏడిస్తే మాత్రం తలెత్తి చూస్తది. 'కార్తీక దీపం'లో వంటలక్క, డాక్టర్ బాబు మళ్లీ కలిసి 2024 మార్చిలో రెండో భాగంగా వచ్చారు గదా, కథ వేరు అని ఎంత చెప్పినా జేజి ఒప్పుకోదు. "మొగుడూ పెళ్లాలే, మర్చిపోయినారు, మళ్లీ గుర్తుకొస్తది" అంటది. ఏడాదిన్నర నుంచి ఆమెది ఒకటే థియరీ. స్క్రిప్ట్ రైటర్లు వింటున్నారా?

ఒకరోజు సరదాగా ఈ సీరియళ్ల పుట్టుక చెప్పా. జేజీ, నీ మొదటి 'కార్తీక దీపం' మలయాళం కథ. 'బ్రహ్మముడి' కలకత్తా నుంచి వచ్చింది. 'గుండెనిండా గుడిగంటలు' మద్రాసు నుంచి. వంటలక్క ప్రేమి విశ్వనాథ్‌ది కేరళ. 'బ్రహ్మముడి' కావ్య, దీపిక రంగరాజు, తమిళమ్మాయి. 2024లో బిగ్ బాస్ కప్పు గెలిచిన నిఖిల్‌ది మైసూరు. జేజి అంతా విని, కందులు చెరుగుతూ ఒక్క మాట అడిగింది.

"అంత దూరాల నుంచి వచ్చినారే, మన టేషన్‌లో ఎవురూ దిగలేదా?"

నవ్వా. తర్వాత ఆలోచించా. నిజంగానే, మార్కాపూర్ రోడ్ స్టేషన్‌లో దిగిన కథ ఏది? కంభం చెరువు గట్టు మీద నడిచిన హీరో ఎవరు? గిద్దలూరు బస్టాండ్‌లో ఏడ్చిన హీరోయిన్ ఎవరు? టీవీలో పలక కనిపించే ప్రతి సీన్‌లో మా ఊరి రాయి ఉండి ఉండొచ్చు, మా ఊరి మాట మాత్రం ఉండదు.

మన మాట సంగతి కూడా విచిత్రం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. అందుకే మనం ఒంగోలు పోతే "మీది సీమా?" అంటారు. కర్నూలు పోతే "కోస్తా వాళ్లు" అంటారు. మార్కాపురంలో "పోతన్నా" అంటాం. గిద్దలూరు దాటి నంద్యాల రైలెక్కితే కాసేపటికి అదే "పోతాండా" అయిపోతది. కిటికీ పక్కన కూర్చుని వింటే చాలు, మాట ఎక్కడ మారిందో తెలిసిపోద్ది. ఇంత అందమైన సంగతి ఏ షోలోనూ రాలేదు.

తెలంగాణ వాళ్లను చూడండి, నాకు నిజంగా అసూయ. ఒకప్పుడు వాళ్ల యాసను సినిమాల్లో విలన్లకీ, కామెడీకీ వాడారు. తర్వాత 'తీన్మార్' వార్తల్లో బిత్తిరి సత్తి, సావిత్రి అదే యాసలో వార్తలు చెప్తే ఆంధ్రాలో మేం కూడా యూట్యూబ్‌లో వెతుక్కుని చూశాం. ఆ సావిత్రే శివజ్యోతిగా మూడో సీజన్‌కి వచ్చింది. 2020లో గంగవ్వ వచ్చింది, పల్లెటూరి అవ్వ, ఒక్క ముక్క మార్చుకోకుండా మాట్లాడింది. 2023లో పల్లవి ప్రశాంత్, రైతుబిడ్డ, కప్పే ఎత్తుకుపోయాడు. 2025లో రాము రాథోడ్ వచ్చాడు, 'రాను బొంబైకి రాను' పాటతో. స్టేజ్ మీద అతను మాట్లాడుతుంటే జేజి కందుల చాట పక్కన పెట్టింది.

"ఈ పిల్లోడు వాళ్లమ్మకు అర్థమయ్యేటట్టు మాట్లాడతన్నాడు రా" అంది.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎందుకో చెప్పాలంటే జూలై సంగతికి రావాలి.

ఈ సీజన్‌కి కామనర్లను వీడియోలు పంపమన్నారు గదా. వాళ్లలోంచి కొందర్ని పిలిచి, ఆగస్టులో 'అగ్నిపరీక్ష' అని పెట్టారు. శ్రీముఖి యాంకర్, నవదీప్, అభిజిత్, బిందు మాధవి జడ్జీలు. ఆ వీడియో నేనూ తీశా. అవును, నేనే. మిద్దె మీద, సాయంత్రం వెలుగులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "నమస్తే, నేను ప్రకాశం జిల్లా నుంచి వచ్చాను, నాకు చిన్నప్పటి నుంచి నటన అంటే చాలా ఇష్టం" అని. యాంకర్ లాగా, సున్నితంగా, ప్రతి అక్షరం నొక్కి. బాగా వచ్చిందనుకుని కిందికి దిగి జేజికి చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసింది.

"మొగం నీదే అబ్బయ్యా. మాట ఎవురిది?"

ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అడిగింది.

సరే, మన మాటలోనే తీద్దామని మళ్లీ మిద్దె ఎక్కా. పదకొండు సార్లు తీశా. ప్రతిసారీ "యాడ" అనే మాట దగ్గర ఆగిపోయా. ఎందుకంటే ఇంజనీరింగ్‌లో చేరిన మొదటిరోజు హాస్టల్‌లో, "యాడికి పోతన్నారు?" అని పక్క రూమ్ వాళ్లను అడిగా. అంతే. నాలుగేళ్లు నా పేరు "యాడ". యాడ వచ్చాడు, యాడ తిన్నాడా, యాడ పాసయ్యాడా. వాళ్లు చెడ్డోళ్లు కాదు, ఇప్పటికీ ఫ్రెండ్సే. కానీ ఆర్నెల్లలో నేను "ఎక్కడ"కి మారిపోయా. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కూడా కారిడార్ చివరికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడేవాణ్ణి. అమ్మతో మాట్లాడటానికి ఎవరైనా దాక్కుంటారా? నేను దాక్కున్నా.

ఆ పదకొండు వీడియోలు డిలీట్ చేశా. మొదటిది కూడా పంపలేదు. గడువు అయిపోయింది. పంపితే సెలెక్ట్ అయ్యేవాణ్ణని చెప్పట్లేదు, అంత సీన్ లేదని నాకూ తెలుసు. కాదన్నది వాళ్లు కాదు. వాళ్లదాకా పోకముందే నన్ను నేనే ఎలిమినేట్ చేసుకున్నా, నామినేషన్ కూడా లేకుండా. అదే నన్ను పీకతా ఉంది.

ఆలోచిస్తే ఎంత తమాషా చూడండి. తమిళం కలిపి తెలుగు మాట్లాడితే ముద్దుగా ఉందంటాం, కన్నడం కలిస్తే క్యూట్ అంటాం. నేనూ అంటా. మార్కాపురం కలిస్తే మాత్రం నేనే సిగ్గుపడతన్నా. ఎవరో మనకు టీవీలో చోటు ఇవ్వాలని అడుగుతాం గానీ, ముందు మన ఫోన్లోనే మన మాటకు చోటు లేదు. ఈ ఛానల్‌లో ఇంతకు ముందు వీడియోలు వినండి. "ఎక్కడ", "ఎలా", "అక్కడికి వెళ్లి". జేజి భాషలో చెప్పాలంటే, మొగం నాదే, మాట ఎవురిదో.

అందుకని ఈ ఎపిసోడ్‌లో "తగులుద్ది", "పోద్ది" వచ్చిన చోటల్లా కట్ చెయ్యకుండా ఉంచేశా. మొత్తం మారలా, సగం సగం ఉంది, నాకూ తెలుసు. అలవాటు పోవాలంటే టయం పడతది. మీలో గిద్దలూరోళ్లు, కంభమోళ్లు, దోర్నాలోళ్లు, ఎర్రగొండపాలెమోళ్లు ఎవరన్నా ఉంటే, మీ ఇంట్లో వాడే ఒక మాట, కాలేజీకి పోయినాక మీరు మానేసిన మాట, కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో అన్నీ చదువుతా. నవ్వుకుందాం, కానీ ఈసారి మనం మనమే నవ్వుకుందాం.

ఇంక వచ్చే ఏడు మళ్లీ కామనర్లను పిలిస్తే వీడియో పంపుతా. ఈసారి కెమెరా జేజి పట్టుకుంటదంట. తల తెగినా పర్లేదు, మాట తెగకుండా చూసుకుంటా అంది.

బిగ్ బాస్‌లో మీ ఫేవరెట్ ఎవరో కూడా చెప్పండి. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్, మీకు తెలిసిందే. ముందుగా అందరికీ దసరా శుభాకాంక్షలు. ఉంటా మరి...

(వెనక నుంచి జేజి గొంతు) "అయిందా నీ మాట? ఆ రిమోట్ యాడ పెట్టినావ్ రా, నా సీరియలు మొదలయింది!"

ఇదిగో జేజీ, ఈడే ఉంది.