పిల్లల క్యాన్సర్: వైద్యం మధ్యలో ఆపకండి



పిల్లల్లో ఎక్కువగా కనిపించేది బ్లడ్ క్యాన్సర్. జ్వరం వారాల తరబడి తగ్గకపోయినా, బిడ్డ పాలిపోతున్నా, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇది అంటువ్యాధి కాదు. తల్లి చేసిన తప్పూ కాదు, ఆమెను ఎవరూ ఒక్క మాట అనొద్దు.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితం. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు చికిత్స ఉంది. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఈ చికిత్స రెండు, మూడేళ్లు సాగుతుంది. కొన్ని నెలలకే బిడ్డ లేచి ఆడుకుంటాడు. ఇటు మీ కూలి పోతుంటుంది, ఇంట్లో రెండో బిడ్డ అమ్మ కోసం ఏడుస్తుంటుంది. 'నయమైందిలే' అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, అప్పుడు నయం చేయడం చాలా కష్టం. ఆపాలనిపించిన రోజు ఆ మాట ముందు డాక్టరుకు చెప్పండి.

ఇరుగుపొరుగు వాళ్లకూ ఒక మాట. ఆ ఇంటి రెండో బిడ్డకు రెండు పూటలా అన్నం పెట్టండి. ఆ తల్లి నిశ్చింతగా ఆసుపత్రికి వెళ్లొస్తుంది.