ఏ రైతు? పరిశోధన ప్రతిపాదనలో ఒక్క మాట గురించి

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీదా ఉంది. నేను మాత్రం పలకను. ఆయన బతికుండగా 'మాస్టారూ' అని తప్ప మరోలా పిలిచి ఎరగను. ఇప్పుడు ఇంటిపేరుతో సహా చదివితే ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. ఆయన పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను చెప్పగలిగింది ఒక గొడుగు గురించి. శ్రావణమాసం వానలో కోటిపల్లి రేవు దగ్గర పంటు కోసం నిలబడి ఉంటే, ఆయన తన గొడుగు నా చేతికిచ్చి, "కాగితాలు తడవనీకు, నువ్వు తడిసినా ఫర్వాలేదు" అన్నారు. ఆ కాగితాలు నా మొదటి పరిశోధన ప్రతిపాదన. ఆ గొడుగు నేను తిరిగి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

వారం తిరక్కుండా కాగితాలు వెనక్కొచ్చాయి. 12 పేజీల్లోనూ ఎర్ర పెన్సిలు పడింది ఒక్కచోటే. శీర్షికలో 'రైతు' అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన 'ఏ రైతు?' అని రాశారు. నాకు ఒళ్లు మండింది. కోనసీమలో పుట్టినవాణ్ణి పట్టుకుని ఏ రైతని అడుగుతారా అనుకున్నాను. 40 ఏళ్లు దాటాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ సున్నా గురించే.

నిర్వాహకులు ఇచ్చిన అంశం 'పరిశోధన ప్రతిపాదన రాయడం ఎలా?' ముందు వరసల్లో పిల్లలు నోటుపుస్తకాలు తెరిచి కూర్చున్నారు కనుక ఆ ముచ్చట తొందరగా తీర్చేస్తాను. శీర్షిక చివర 'ఒక పరిశీలన' అని తగిలించకండి. పరిశీలన కాకపోతే మరేం చేస్తారు? ప్రశ్న మొదటి పేజీలోనే ఉండాలి, చదివినవాడు తల ఎత్తేలా ఉండాలి. లక్ష్యాలు మూడు చాలు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, మామూలు గడువు 6 ఏళ్లు. ఏడెనిమిది లక్ష్యాలు పెట్టుకున్నవాడు ఆ ఆరేళ్లలోనూ తెమలడు. పూర్వ పరిశోధనల సమీక్ష అంటే పుస్తకాల పట్టీ కాదు, మీకు ఎవరితో ఎక్కడ పేచీ ఉందో చెప్పడం. బడ్జెట్లో ప్రయాణాలకు చిల్లర వేసి లాప్‌టాప్‌కు లక్ష వేస్తే, మీరు ఊళ్లలోకి వెళ్లరని పరీక్షకుడికి తెలిసిపోతుంది. ఇవన్నీ మీ గైడు చెబుతారు. ఆయన చెప్పకుండా దాటేసే గడి ఒకటుంది. నిర్వచనం. దాని కింద, దానికి కవలపిల్లలా, శాంపిల్.

ఒక ఉదాహరణ చెబుతాను. 2011 సార్వాకు నాట్లు వేయబోమని కోనసీమ పంట విరామం ప్రకటించింది. దేశమంతా ఇటు తిరిగి చూసింది. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ తరవాత కొన్నేళ్లపాటు పరీక్షకుడిగా నా దగ్గరికి వచ్చిన ప్రతిపాదనల్లో ఈ అంశం తరచుగా కనబడేది. గిట్టుబాటు ధర, కూలి రేట్లు, ఉపాధి హామీ, పూడిపోయిన మురుగు కాలువలు అని కారణాల పట్టిక అన్నిట్లోనూ దాదాపు ఒకటే. శాంపిల్ గడిలో 'రైతులు 200 మంది, పట్టాదారు పాస్‌పుస్తకాల ఆధారంగా' అని ఉండేది. అది చూడగానే నాకు మాస్టారి ఎర్ర పెన్సిలు గుర్తొచ్చేది.

ఒకే చేను తీసుకోండి. పట్టాదారు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. చేను చేసేవాడు ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా ఒప్పుకున్న కౌలుదారు. నాట్లు వేసేది కూలీలు. పంట విరామం అంటే మొదటివాడికి ఒక కారు మక్తా పోవడం. రెండోవాడికి అప్పు చేసి పెట్టుబడి పెట్టే బాధ తప్పడమా, తిండిగింజలు లేకపోవడమా అన్నది వాడినే అడగాలి. మూడోవాళ్లకు నాట్ల రోజులు పోయాయి. ఈ ముగ్గురిలో విరామం ఎవరు ప్రకటించారు, ఎవరి నెత్తిన పడింది? పాస్‌పుస్తకం జాబితాతో బయల్దేరినవాడు మొదటివాడిని మాత్రమే అడిగి, వచ్చిన జవాబుకు 'కోనసీమ రైతుల అభిప్రాయం' అని పేరు పెడతాడు. ప్రశ్నావళిలో మక్తా అన్న గడే లేకపోతే మక్తా ఎక్కువైందన్న జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

దీనికి నా సహోద్యోగులు చెప్పే జవాబు నాకు కంఠస్థం. రికార్డు ఉన్నవాడినే తీసుకుంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు, నోటిమాట కౌలుదారుకు ఆధారమేముంది అంటారు. వినడానికి శాస్త్రీయంగానే ఉంటుంది. కానీ రికార్డు ఇక్కడ సాక్షి కాదు, తగాదాలో ఒక పక్షం. ఆంధ్ర కౌలుదారీ చట్టం 1956లో వచ్చింది. 1974 సవరణ కౌలు గడువు కనీసం 6 ఏళ్లుండాలంది. కాగితం రాస్తే హక్కు పుడుతుందన్న భయంతో ఆసాములు నోటిమాటకు దిగారు. అంటే కాగితం మీద కౌలుదారు లేకపోవడం వాడు లేడనడానికి రుజువు కాదు. చట్టానికి ఆసామి చెప్పిన జవాబది. 2011లోనే, ఆ విరామం ఏడాదే, అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలుదారులకు రుణ అర్హత కార్డులిస్తామన్నారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల పత్రం, దాని మీద యజమాని సంతకం. సంతకం పెట్టే యజమాని ఎందరున్నారో ఈ సభలో చేతులెత్తమని అడగను. భోజనాల దగ్గర ఇబ్బంది.

సర్కారు లెక్కల్లో నిర్వచనం స్థిరంగా ఉందంటారా? జాతీయ శాంపిల్ సర్వే 2003లో రైతు కుటుంబం అనిపించుకోవాలంటే ఎంతో కొంత భూమి స్వాధీనంలో ఉండాలంది. 2013లో ఆ షరతు తీసేసి, వ్యవసాయ ఉత్పత్తి విలువ ఏడాదికి 3,000 రూపాయలు దాటాలని, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా వ్యవసాయం చేస్తుండాలని పెట్టింది. 2019లో ఆ మూడు వేలు 4,000 అయింది. కూలి మీదే బతికే ఇల్లు ఈ లెక్కలోకి రాదు. మరోవైపు 2007 జాతీయ రైతు విధానం కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, చివరికి చేపలు పట్టేవారిని కూడా రైతులన్న మాట కిందికి తెచ్చింది. దేశంలో ఇన్ని రకాల రైతులుండగా మన విద్యార్థి ఏ వివరణా లేకుండా 'రైతు' అని రాసి సంతకం చేస్తాడు. కోటిపల్లిలో ఎక్కిన పంటు దిగితే వచ్చే ముక్తేశ్వరం నిఘంటుకర్త జయంతి రామయ్య పంతులు గారి ఊరు. వ్యావహారిక భాష విషయంలో నేను ఆయన పక్షం కాదు. కానీ మాటకు అర్థం తేలనిదే అడుగు కదపని ఆ మొండితనం మన శాంపిల్ గడిలో కాస్త ఉంటే బాగుండేది.

ఇంకో అభ్యంతరం ఉంది. ప్రతిపాదనలోనే శాంపిల్ తేలాలి కదా, జాబితా లేకుండా ఎలా తేలుస్తారని. జాబితా మీరే తయారు చేయండి. శాంపిల్ సర్వే వాళ్లు చేసేదీ అదే. ముందు ఎంచుకున్న ఊళ్లో ఇళ్లన్నీ రాసుకుని, ఆ తరవాతే ఇంటిని ఎంచుతారు. గుమ్మం గుమ్మానికి వెళ్లి 'ఈ ఏడు ఏ చేను చేస్తున్నారు, ఎవరిది, మక్తా ఎంత' అని అడగండి. ఆ మాటలతోనే అడగండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ వృత్తిపదకోశం 1962లోనే అచ్చయింది. సేద్యపు మాటలు రైతుల నోట విని రాసుకున్న పుస్తకమది. 'భూకమతాల లీజు విధానము' అని అడిగితే గోదావరి జిల్లాల్లో జవాబు బదులు మంచినీళ్లు ఇస్తారు.

నేను ఇప్పుడు చేస్తున్న పని ఇదే. కొత్తపేట, రాజోలు వైపు ఊళ్లలో నోటిమాట కౌళ్ల చరిత్ర. చేలే కాదు, కొబ్బరి తోటల కౌళ్లు కూడా. దింపు కూలి, ఒలుపు కూలి ఎవరి ఖాతాలో పడ్డాయన్నది ఒక్కో తోటలో ఒక్కో తీరు. దీనికి నేను రాసిన ప్రతిపాదన ఒక నిధుల సంస్థ నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. శాంపిల్ గడిలో 'జాబితా పూర్తయ్యాక చెబుతాను, అందుకు 5 నెలలు పడుతుంది' అని రాశాను. గడి ఖాళీగా ఉందన్నారు. మూడోసారీ అదే రాసి పంపాను. పేర్లు, సర్వే నంబర్లు నా నోటుబుక్కు దాటి పోవని ఒక పేరా అదనంగా చేర్చాను. కౌలుదారు నాతో మాట్లాడినట్టు తెలిస్తే వచ్చే ఏడు చేను మరొకడికి పోతుంది. ఆ పూచీ రాయని ప్రతిపాదన ఎంత బాగున్నా నేనైతే పాస్ చేయను.

మీ అటకల మీద తాతల నాటి లెక్కల పుస్తకాలుంటాయి. ఎవరు ఎన్ని బస్తాలు కొలిచారో, ఏ తుపాను ఏడాది ఎంత వదిలేశారో వాటిలో ఉంటుంది. వాటిని పాత కాగితాల వాడికి వేయకండి. బయట బల్ల దగ్గర ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పుస్తకం తెస్తే ఫొటోలు తీసుకుని అక్కడికక్కడే మీ చేతికిచ్చేస్తాడు. మీ పేరు అడగడు. ఊరు, ఏడాది, ఎన్ని బస్తాలు అన్నవి చెబితే చాలు.