పాత తొట్టి కొనే ముందు కింద దూరి చూడండి
(మద్దిలపాలెంలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కిందటి నెల మన సభ్యుడొకాయన నన్నడిగాడు, "ట్రాక్టర్‌కి కొత్త తొట్టి కొనమంటావా, పాతది చాలంటావా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. నవ్వాల్సిన సంగతి కాదు. నాకు జరిగింది చెబుతాను, వినండి.

నేను పాత తొట్టే కొన్నాను. కొత్తదాని ధరలో సగానికి వచ్చింది. నిగనిగలాడే ఎర్ర రంగు, కొత్త రేకు. పెళ్లిచూపులకు వెళ్లినట్టు వెళ్లి, పైపైన చూసి డబ్బు కట్టేశాను. ఆ ఏడు క్రషింగ్‌లో చెరకు తోలుతుంటే ఒక గట్టు ఎక్కేచోట హుక్కు తెగిపోయింది. లోడుతో తొట్టి వెనక్కి జారి బోదెలో పడింది. చెరకు మీద కూర్చున్న కూలి అక్కకి కాలు విరిగింది. ఆమెను అక్కడ కూర్చోనిచ్చింది నేనే. తెగినచోట చూస్తే లోపల సగం మేర పాత పగులు, నల్లగా తుప్పు పట్టి ఉంది. దాని మీద వెల్డింగ్ పూసి, రంగు కొట్టి అమ్మాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. తొట్టికి ఇన్సూరెన్స్ లేదు. ఆర్‌సీ ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. ఆస్పత్రి ఖర్చు, ఆమె ఆరు నెలల కూలి అంతా నేనే పెట్టుకున్నాను. పెట్టుకోవాలి కూడా. మిగిల్చుకున్నాననుకున్న సగం ధరకి రెండింతలైంది. అక్క ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది.

అలాగని పాతది కొనొద్దని నేననను. మూడెకరాల రైతు కొత్త తొట్టికి అప్పు చేస్తే పంట పోయిన ఏడు వాయిదా ఎక్కణ్ణుంచి తెస్తాడు? పైగా తొట్టి అంటే ఇనుము. ఇంజన్ లేదు, కంప్యూటర్ లేదు. రేకు పోతే మార్చుకోవచ్చు, కమాను పట్టీ విరిగితే వేయించుకోవచ్చు. గాజువాక ఆటోనగర్ దాకా పోనక్కర్లేకుండా మన ఊరి వెల్డింగ్ షాపులోనే చాలా పనులు అయిపోతాయి. కానీ హుక్కు, ఇరుసు, చక్రాల బేరింగులు, ఈ మూడింటి దగ్గర బేరం పనికిరాదు.

కాబట్టి కింద దూరండి. బట్టలు మాసినా ఫరవాలేదు. హుక్కు దగ్గర రంగు గీకించి చూడండి. గీకనివ్వకపోతే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేయండి. కన్నం గుండ్రంగా ఉందా, అరిగి కోలగా అయ్యిందా? జాకీ పెట్టి చక్రం లేపి రెండు చేతులతో పట్టి ఊపండి, లొడలొడలాడితే బేరింగు పోయినట్టే. కొత్త తొట్టి కొన్నా వెల్డింగు చూడాల్సిందే, అదీ ఏదో షెడ్డులో మనిషి అతికించిందే కదా.

ధర సంగతి ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కి తగ్గింది. కొత్తవాటి ధర తగ్గినప్పుడు పాతవాటికి పాత రేటే చెబితే ఎందుకివ్వాలి? గట్టిగా బేరమాడండి.

ఇక కాగితాలు. తొట్టికి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఇన్సూరెన్స్ కూడా దానికీ ఉండాలి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేయాలి, అందుకే ఫారం 29, ఫారం 30. అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్స్ వాళ్ల సంతకంతో ఫారం 35 కూడా తీసుకోండి. అమ్మేవాళ్లూ వినాలి. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, బండి చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే ప్రమాదానికి నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని. నమ్మకం మీద అమ్మేసి ఊరుకుంటే ఎక్కడో జరిగినదానికి మీ ఇంటికి నోటీసు వస్తుంది.

అన్నిటికన్నా ముందు, తొట్టిలో మనుషుల్ని ఎక్కించొద్దు. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్ కాలువలో పడి 15 మంది పోయారు. పొలం పనికి వెళ్తున్న ఆడవాళ్లే ఎక్కువ. ఆటో కిరాయి ఇచ్చి పంపండి, అది కూలి ఖర్చులోనే రాసుకోండి.

తెగిన ఆ హుక్కు ఈ సంచిలో తెచ్చాను. ముందు వరుస నుంచి అందుకోండి. కన్నం పక్కన నల్లగా ఉన్నచోట చూడండి, వేలితో తడిమితే తెలుస్తుంది.