ఫిలాసఫీ సీటూ మనదే



మన పిల్ల డిగ్రీ పాసై ఫిలాసఫీ ఎమ్మే చదువుతానంటే "అది కూడు పెడతదా?" అని అడుగుతాం. కూలి డబ్బులతో చదివించేటోళ్లం, అడగాల్సిందే. కానీ మన పుట్టుకే పోయిన జన్మ పాపమని చెప్పింది కర్మ సిద్ధాంతం. అది తత్వశాస్త్రంలోని మాటే. దానికి జవాబు ఆ గదిలో కూచొనే చెప్పాలె.

1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయిన బాబాసాహెబ్ ముఖ్యంగా చదివింది అర్థశాస్త్రం. అయినా తత్వవేత్త జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో ఆయన్ని తన గురువని రాశారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి కేంద్ర విద్యాసంస్థల్లో 2006 చట్టం ప్రకారం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. దరఖాస్తు పెట్టకుండా అవి మన చేతికి రావు. కార్యకర్తలు నోటిఫికేషన్ కోసం ఆగొద్దు. కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగేదేదో ముందే తిరగాలె. తారీఖు దాటితే రిజర్వేషనూ ఆదుకోదు.

రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "ఈ చదువెందుకు?" అంటే మన పిల్లలు అరువు మాటలు చెప్పొద్దు. బావి కాడ, గుడి కాడ మనల్ని ఆపిన ప్రశ్ననే పెట్టాలె: మనిషికి మనిషి ఎట్లా అంటయిండు?

ఇంతకంటే పెద్ద తత్వం ఏముంది? దరఖాస్తులు నింపుదాం!