వినకముందే తీర్పు

రేడియోలో మాటలాడు మనిషి మనకు కనబడడు. ఆయన కట్టిన బట్ట, కూర్చున్న ఆసనము, ముఖవర్చస్సు ఏవియు మన యెరుకలోనికి రావు. మనకు దక్కునది గొంతు ఒక్కటే. అయినను ఆ గొంతు రెండు మాటలు పలికినంతనే, చెప్పుచున్నది పురుషుడో స్త్రీయో సాధారణముగా తెలిసిపోవును. తెలియుటలో తప్పు లేదు. కాని తెలిసిన మరుక్షణమున మనస్సులో మరియొక పని జరుగును. ఈ విషయమును గూర్చి చెప్పుటకు ఈ గొంతునకు అర్హత యెంత, ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చును అని మనస్సు వెల కట్టును. ఊరగాయ పట్టుటను గూర్చి స్త్రీ చెప్పినపుడు సందేహింపము. అదే గొంతు పంచాయితీ పద్దులను గూర్చి చెప్పినపుడు ఒక్క క్షణము ఆగుదుము. ఆ ఒక్క క్షణమును గూర్చియే మేమీ ప్రసంగమున నాలుగు మాటలు చెప్పదలచితిమి.

స్త్రీల యెడ వివక్ష అనగానే కట్నపు హింసలు, ఆడపిల్లల చదువు మాన్పించుట, ఒకే పనికి కూలి తగ్గించి యిచ్చుట మనకు జ్ఞప్తికి వచ్చును. అవి కంటికి కనబడు అన్యాయములు. వానిని చేయువారు వేరు, మనము వేరు అని మనము నిశ్చింతగా నుందుము. సాంఘిక మనశ్శాస్త్రము మన నిశ్చింతను కొంత చెదరగొట్టుచున్నది. ఏ ద్వేషమును లేనివారి మనస్సులోను, కూతుండ్రను గారాబముగా పెంచుకొనువారి మనస్సులోను, తుదకు స్త్రీల మనస్సులోను ఈ వెలకట్టు అలవాటు ఉండవచ్చునని ఆ శాస్త్రము చెప్పుచున్నది.

ఆడుది తిరిగి చెడినది, మగవాడు తిరుగక చెడినాడు అని మనలో ఒక సామెత కలదు. తిరుగుట అను పని ఒక్కటే. చేసినవారిని బట్టి తీర్పులు రెండు. సామెత చెప్పినవారు దానిని లోకనీతి యనుకొనిరి. మనశ్శాస్త్రజ్ఞులు దానినే ప్రశ్నగా మార్చి పరీక్షకు పెట్టిరి. పనిని ఏమాత్రము మార్పక, చేసినవారి పేరు మాత్రము మార్చినచో తీర్పు మారునా?

1968లో అమెరికాలో ఫిలిప్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు కళాశాల విద్యార్థినులకు కొన్ని వ్యాసములిచ్చి, వాని గుణదోషములు నిర్ణయింపుడని కోరెను. ఒకే వ్యాసమును కొందరికి జాన్ మెకే పేరుతోను, మరికొందరికి జోన్ మెకే పేరుతోను ఇచ్చెను. మొదటిది పురుషుని పేరు, రెండవది స్త్రీ పేరు. లోపలి అక్షరమొక్కటియు మారలేదు. అయినను పురుషుని పేరు గల వ్యాసములే మొత్తము మీద మేలైనవని ఆ యువతులకు తోచెను. తీర్పరులును స్త్రీలే యని మరువరాదు. ఈ పరీక్షను తరువాత పలువురు పలు విధముల చేసిచూచిరి. ఫలితము అన్నిచోట్ల ఒక్కతీరుగా రాలేదు. అట్టి పరిశోధనల నెన్నిటినో 1989లో ఒక్కచోట చేర్చి లెక్కించినవారు, సగటున చూచిన భేదము స్వల్పమే యనిరి. కనుక ప్రతి మనిషియు ప్రతి చోటను స్త్రీని తక్కువ చేయుననుట అతిశయోక్తి. కాని స్వల్పభేదము సైతము ఉద్యోగము నిచ్చుచోట, జీతము కట్టుచోట ఏమగునో చూడవలసియున్నది.

2012లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన దానినే చూపినది. కోరిన్ మాస్ రాకుసిన్ అను ఆమెయు, తోడి పరిశోధకులును అమెరికాలోని విశ్వవిద్యాలయములలో విజ్ఞానశాస్త్రములు బోధించు 127 మంది అధ్యాపకులకు ఒక దరఖాస్తు పంపిరి. ప్రయోగశాలను నడుపు చిన్న ఉద్యోగమునకు విద్యార్థి యొకరు పెట్టుకొన్న దరఖాస్తు అది. సగము మందికి వెళ్ళిన ప్రతులలో పేరు జాన్; తక్కినవానిలో జెన్నిఫర్. జాన్ ఎక్కువ సమర్థుడని అధ్యాపకులు తలచిరి. అతనికి ఏటికి సగటున 30 వేల డాలర్లకు పైగా జీతమీయవచ్చుననిరి. జెన్నిఫర్‌కు సుమారు 26 వేల 500 డాలర్లు చాలుననిరి. స్త్రీ అధ్యాపకుల తీర్పును పురుషుల తీర్పువలెనే యుండెను. ఇందులో వింత యేమనగా, జెన్నిఫర్ అనిన వారికి అయిష్టము లేదు. జాన్‌కంటె ఆమెయే మంచిదానివలె తోచుచున్నదనిరి. మంచిపిల్ల అనిరి, ఉద్యోగము మాత్రము మరొకరికనిరి.

ఈ మాట మన యిండ్లలో వినబడనిది కాదు. ఆడపిల్ల, ఎండలో అంతదూరమెందుకు? సుకుమారి, లెక్కల గొడవ ఆమెకెందుకు? అని మనము దయతోనే అందుము. పీటర్ గ్లిక్, సూసన్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞులు 1996లో ఈ వివక్షకు రెండు ముఖములు కలవని నిరూపింప యత్నించిరి. ఒకటి కసరుకొనునది, రెండవది కాపాడుదునని చెప్పునది. మొదటిదానిని ఎదిరింపవచ్చును. రెండవది చేయి పట్టుకొని మెల్లగా ఇంటిలోనికి నడిపించును గనుక దానిని ఎదిరించుట కష్టము. ఎదిరించిన ఆడపిల్లకు కృతజ్ఞత లేదను మాట కూడ వచ్చును.

ఇంతకును ఈ అలవాటు మనకెట్లు పట్టుబడినది? ఆలిస్ ఈగ్లీ అను శాస్త్రజ్ఞురాలు చెప్పిన సమాధానము మనకు సులభముగా బోధపడును. మనుష్యులు చేయు పనిని చూచి మనము వారి స్వభావమును ఊహింతుము. పసిబిడ్డను ఎత్తుకొన్నవారు మెత్తనివారనియు, పదిమందికి ఆజ్ఞలిచ్చువారు గట్టివారనియు అనుకొందుము. తరతరములుగా బిడ్డ నెత్తుకొన్నది స్త్రీయు, ఆజ్ఞ యిచ్చినది పురుషుడును అయినందున, మెత్తదనము స్త్రీ పుట్టుకలోనే కలదని నమ్మితిమి. ఈగ్లీయు ఆమె తోడి పరిశోధకురాలును 1984లో ప్రకటించిన పరీక్షలలో, ఇల్లు చూచుకొను పురుషుని గూర్చి చెప్పినపుడు జనులు అతనిని గూడ మెత్తనివానిగనే తలచిరి. అనగా మనము పుట్టుక యనుకొన్నదానిలో చాల భాగము, మనము నిత్యము చూచు పనుల నీడ. అట్లయినచో పనులు మారి, ఆ మార్పు కంటికి కనబడిన, తీర్పును మారవలెను గదా!

ఇది మారునా మారదా యని తేల్చిన పరీక్ష అమెరికాలో గాక మన దేశమున, పశ్చిమ బెంగాలులోని బీర్భూమ్ జిల్లా గ్రామములలో జరిగినది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చి, పంచాయితీలలో మూడవవంతు స్థానములను, మూడవవంతు అధ్యక్షపదవులను స్త్రీలకు కేటాయించినది. బెంగాలులో పంచాయితీ అధ్యక్షులను ప్రధానులందురు. 1998 ఎన్నికలలో అచ్చట పట్టికలోని వరుస సంఖ్యను బట్టి ప్రతి మూడవ పంచాయితీకిని స్త్రీయే ప్రధాను కావలసివచ్చెను. అభ్యుదయము గల ఊరని ఎంచలేదు. వెనుకబడిన ఊరని తప్పింపలేదు. అందుచేత స్త్రీ పాలించిన ఊళ్ళను, పాలింపని ఊళ్ళను పోల్చి చూచుటకు శాస్త్రజ్ఞులకు చక్కని అవకాశము చిక్కినది.

రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో గారలు 2004లో ప్రకటించిన ఫలితము మొదటిది. ఈ ఎస్తేర్ డఫ్లోకే మరి యిద్దరితో కలిపి 2019లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చినది. స్త్రీ ప్రధానులు పురుషులకంటె తక్కువ చదివినవారు, అనుభవము తక్కువగా గలవారు. అయినను ఊరి స్త్రీలు ఎక్కువగా అడుగుచుండిన మంచినీటి వసతికిని, బాటలకును వారే ఎక్కువ ఖర్చు చేసిరి. వెనుక భర్తయున్నాడు, ముందు బొమ్మయున్నది అను మాటయే పూర్తిగా నిజమైనచో ఖర్చులో ఈ తేడా వచ్చియుండదు. కాని మంచినీరు తెచ్చిన ఆమెకు దక్కిన మెప్పేమి? స్త్రీలు పాలించు ఊళ్ళలో నీటి వసతి తక్కిన ఊళ్ళకు తీసిపోకున్నను, జనుల తృప్తి మాత్రము తక్కువగనే యుండెనని మరియొక పరిశీలనలో తేలినది. నీరు కుండలోనికి వచ్చినది గాని, పేరు ఆమెకు రాలేదు.

2009లో ప్రకటింపబడిన తరువాతి పరిశోధన రేడియో వినువారమైన మనకు మరింత దగ్గరిది. ఒక ప్రధాను గ్రామస్థుల ఫిర్యాదునకు సమాధానము చెప్పుచు, వారి తోడ్పాటు కోరు ఉపన్యాసమొకటి సిద్ధపరచిరి. దానిని కొన్ని మగగొంతులతోను, కొన్ని ఆడుగొంతులతోను పలికించి ధ్వనిముద్రణము చేసిరి. గ్రామస్థుని కూర్చుండబెట్టి ఒక్క గొంతునే వినిపించి, ఈ నాయకుడు లేక నాయకురాలు ఎంత సమర్థులని అడిగిరి. స్త్రీ ప్రధానును ఎన్నడు నెరుగని ఊళ్ళలోని పురుషులు ఆడుగొంతునకు తక్కువ మార్కులిచ్చిరి. స్త్రీ పాలనను చవిచూచిన ఊళ్ళలోని పురుషుల యందు ఆ భేదము మాసిపోయెను. ఉపన్యాసము అదే. గొంతులు అవియే. మారినది వినువారి అనుభవము.

ఇచ్చట గమనింపదగిన మెలిక యొకటి కలదు. ప్రధానుగా పురుషుడే యుండవలెనను ఇష్టము ఆ ఊళ్ళలో తగ్గలేదు. మనస్సు లోపలి మొగ్గును కొలుచు పరీక్షలలోను అది అట్లే నిలిచెను. ఇష్టము మారలేదు, తీర్పు మారినది. నాకు నచ్చదు గాని ఆమె పని చేయగలదు అని ఆ గ్రామస్థుడు ఒప్పుకొనెను. మనస్సు మారిన పిదప మార్పు తేవలెనని మనము తరచుగా చెప్పుకొందుము. బీర్భూములో మార్పు ముందు వచ్చినది. మనస్సులో కొంత భాగము వెనుకనుండి నడచివచ్చినది.

అయితే ఇది ఒక్కనాట జరుగలేదు. తమ ఊరికి మొదటిసారి వచ్చిన స్త్రీ ప్రధానుకు గ్రామస్థులు తక్కువ మార్కులే యిచ్చిరి. ఆ పదవి రెండవసారియు స్త్రీకి వచ్చినపుడు ఆ తేడా తగ్గిపోయినది. వరుసగా రెండు ఎన్నికలలో స్త్రీ ప్రధానులు గల పంచాయితీలలో, తరువాత స్త్రీలు ఎక్కువగా పోటీచేసి గెలిచిరి. మొదట వచ్చిన ఆమె పనిచేసియు నిందపడెను. రెండవ ఆమె ఆ బాటలో నడచెను. మొదటి ఆమె చెల్లించిన మూల్యము ఏ పద్దులోను కనబడదు.

పిల్లల సంగతి చెప్పిన ఈ కథ ముగియును. అదే జిల్లాలో 495 గ్రామములలో 11 మొదలు 15 ఏండ్ల వయస్సు గల పిల్లలను, వారి తల్లిదండ్రులను విచారించి 2012లో ఫలితములు ప్రకటించిరి. కొడుకు గొప్పవాడు కావలెనని కోరినంతగా కూతురి గూర్చి తల్లిదండ్రులు కోరుకొనకపోవుట అంతటను ఉన్నదే. రెండు పర్యాయములు స్త్రీ పాలించిన ఊళ్ళలో ఆ అంతరము తల్లిదండ్రులలో కొంతయు, పిల్లలలో 32 శాతమును తగ్గినది. చదువులో ఆడపిల్లలకును మగపిల్లలకును గల వ్యత్యాసము తొలగిపోయినది. ఆడపిల్లలు ఇంటిపనిలో గడపు వేళయు తగ్గెను. ఆ ఊళ్ళలో స్త్రీలకు కొత్త ఉద్యోగములు పుట్టుకొని వచ్చిన జాడ కనబడలేదు. పంచాయితీ కుర్చీలో తమవంటి యొకతె కూర్చుండుటను ఆ పిల్లలు చూచిరి. ప్రధానమైన కారణ మదియే యని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇక మన ఊళ్ళకు వత్తము. ఆంధ్రప్రదేశములో 2011లో ఈ కేటాయింపును సగమునకు పెంచిరి. తెలంగాణ 2018 చట్టములోను సగమే యుంచినది. అయినను సంతకము ఆమెది, పెత్తనము ఆయనది అను ఊళ్ళు మనమెరుగనివి కావు. సభకు ఆహ్వానము ఆమె పేరున పోవును. ముందు వరుసలో కుర్చీ ఆయనకు వేయుదురు. దీనికి ఆ భర్త నొక్కనినే నిందించి ఊరకుండరాదు. అర్జీ చేతపట్టుకొని, ఆమె ఎదుట నుండగనే ఆయన ఎచ్చటనున్నాడని అడుగువారము మనమే గదా! అర్జీని ఆమె చేతికే యిచ్చి, సమాధానము ఆమె నోటనే వినగోరుట మన చేతిలోని పని. దానికి చట్టము అక్కరలేదు.

పంచాయితీకంటె దగ్గరిది మన యిల్లు. రాత్రి భోజనముల వేళ కోడలో కూతురో ఒక మాట చెప్పును. ఈ ఏడు ఆ చేను కౌలునకు ఈయరాదనియో, ఆ చీటీలో డబ్బు కట్టరాదనియో అనును. ఎవరును తల యెత్తరు. కొంతసేపటికి కొడుకు అదే మాట అనును. అవును, నిజమే యని ఇంటి పెద్ద మెచ్చుకొనును. ఆమె మరికొంత పులుసు వడ్డించి ఊరకుండును. ఇందులో ద్వేషము లేదు, దెబ్బ లేదు, పత్రికకెక్కు వార్త లేదు. కాని పది పర్యాయములు ఇట్లు జరిగిన పిదప ఆమె చెప్పుట మానును. ఆమె మాట లేనందున ఆ యింటికి కలుగు నష్టము ఇంత అని లెక్క కట్టువారు లేరు.

అందుచేత మనము ఒక చిన్న పరీక్షను అలవరచుకొందము. ఇంటిలోనైనను, సభలోనైనను, రేడియోలోనైనను ఆడుగొంతు విని మనస్సు ఒక్క క్షణము ఆగినపుడు, ఇదే మాటను మగగొంతు చెప్పియుండిన నేనేమందును అని మనలను మనమే ప్రశ్నించుకొందము. సమాధానము రెండు విధములుగా వచ్చినచో, తప్పు ఆ మాటలో లేదు. ఈ ప్రశ్న పురుషులకే గాక స్త్రీలకును వర్తించును. గోల్డ్‌బర్గ్ ఎదుట కూర్చుండి మార్కులు వేసినది స్త్రీలే. బీర్భూమ్ గ్రామస్థుని తీర్పు మారుటకు కొన్ని యేండ్లు పట్టినది. మన యింటిలో రేపటి రాత్రి భోజనముల వేళకే దీనిని ఆరంభింపవచ్చును.